ప్రింటరు తాళంచెవి ఎవరి దగ్గరుంది?

(స్త్రీల సలహా కేంద్రాల్లో పనిచేస్తున్న కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం చూసి మీలో కొందరు ముక్కున వేలేసుకుని ఉంటారు. గృహహింస, ఆస్తిహక్కు, పనిచేసే చోట లైంగిక వేధింపులు, ఇన్ని సమస్యలు మన ముందుండగా ప్రింటరు గురించి మాట్లాడుకోవడమేమిటని. న్యాయమైన సందేహమే. అయితే మన దగ్గరికొచ్చే స్త్రీకి సంబంధించిన ప్రతి కాగితమూ ఏదో ఒక ప్రింటరులోంచే బయటికొస్తోంది. ఫిర్యాదు, గృహహింస చట్టం కింద రాసే సంఘటన నివేదిక, ఆసుపత్రి కాగితం, ఆధార్ నకలు, చివరికి ఆమె ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోవడానికి తీసుకున్న రైలు టిక్కెట్టు కూడా. ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తాం. దాన్ని అచ్చువేసిన యంత్రం ఏం గుర్తుపెట్టుకుందో మాత్రం ఆలోచించం.

2020కి ముందు మన మధ్యతరగతి ఇళ్ళలో ప్రింటరు అంతగా ఉండేది కాదు. వీధి చివర జిరాక్సు షాపే దిక్కు. లాక్‌డౌన్‌లో ఆఫీసు పనీ పిల్లల చదువూ ఇంట్లోకి వచ్చాక చాలామంది కొన్నారు. సౌకర్యమే, కాదనను. కాని ఒక్కసారి పోల్చి చూడండి. పట్నంలో జిరాక్సు షాపు కుర్రవాడికి మన కాపురం సంగతి అక్కర్లేదు, కాగితానికి ఇంతని తీసుకుని పంపేస్తాడు. (చిన్న ఊళ్ళో ఆ కుర్రవాడు మీ మరిదికి స్నేహితుడై ఉండొచ్చు. అది వేరే కథ.) ఇంట్లో ప్రింటరు అలా కాదు. అది ఇంటి మనిషి. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వాళ్ళ మాటే వింటుంది.

ప్రింటరంటే మన ఊహలో ఒక పెట్టె. ఇప్పుడొస్తున్నవి పెట్టెలు కావు. వైఫైకి కలిసే ప్రతి ప్రింటరూ ఒక చిన్న కంప్యూటరు. దానికి జ్ఞాపకం ఉంది, సొంత చిరునామా ఉంది, తన సంగతులు తనే చెప్పుకునే ఒక వెబ్ పేజీ ఉంది. ఇంట్లో ఉన్న రూటరు ప్రతి ఫోనుకీ ఒక సంఖ్య కేటాయించినట్టే ప్రింటరుకీ కేటాయిస్తుంది. చాలా ఇళ్ళలో ఆ సంఖ్య 192.168తో మొదలవుతుంది. అదే వైఫైలో ఉన్న ఏ ఫోనులోనైనా బ్రౌజరు తెరిచి పైగడిలో ఆ సంఖ్య టైపు చేస్తే పేజీ వచ్చేస్తుంది. ఎక్కడో అమెరికాలో ఉన్న కంప్యూటరు నుంచి కాదు, పక్కగదిలో ఉన్న ప్రింటరు కడుపులోంచి. దీని గురించి బిగించడానికొచ్చిన కుర్రవాడు చెప్పడు. పెట్టెలో ఇచ్చిన పుస్తకంలో ఏ మూలో ఉంటుంది, దాన్ని మనం విప్పం.

ఆ పేజీలో ఏముంటుందన్నది రకాన్ని బట్టి ఉంటుంది. చవక రకాల్లో ఇంకు ఎంత మిగిలింది, ఎన్ని కాగితాలు అచ్చయ్యాయి, ఏ వైఫైకి కలిసి ఉంది వంటి వివరాలే కనిపిస్తాయి. ఆఫీసుల్లో వాడే లేజరు రకాల్లో చాలావాటిలో అచ్చయిన పనుల జాబితా ఉంటుంది: ఫైలు పేరు, ఏ కంప్యూటరు పంపింది, ఎన్ని గంటలకు పంపింది. స్కాన్ చేసి నేరుగా ఈమెయిలు పంపే ఏర్పాటు ఉంటే ఎవరెవరికి పంపుతున్నామో ఆ చిరునామాలన్నీ, మెయిలు ఖాతా పాస్‌వర్డుతో సహా, దాని కడుపులోనే ఉంటాయి. కొన్నింటిలో ఈ పేజీ నుంచే స్కాన్ మీట నొక్కొచ్చు. గాజుపలక మీద మీరు మర్చిపోయిన కాగితం పక్కగదిలో కూర్చున్నవాడి ఫోనులో కనిపిస్తుంది. ఇక అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డు చేతిలో ఉన్నవాళ్ళు ఏ ఏర్పాటునైనా మార్చొచ్చు, మిగిలినవాళ్ళు మార్చకుండా తాళమూ వేయొచ్చు.

కిందటేడు ఒక సంస్థ ఆఫీసులో కౌన్సెలర్లతో కలిసి కూర్చుని ఈ పేజీ తెరిచాం. సంస్థ పేరు అక్కర్లేదు, మనలో ఎవరి ఆఫీసైనా అంతే. పాస్‌వర్డు అడగనే లేదు. జాబితాలో ముప్ఫై నలభై పనులున్నాయి. ఫైళ్ళకు పేర్లు మనందరి అలవాటు ప్రకారమే పెట్టారు. ఒక స్త్రీ పేరు, పక్కన డి.ఐ.ఆర్. అని. ఇంకొక స్త్రీ పేరు, పక్కన షెల్టర్ లెటర్ అని. లోపలి విషయం ఒక్క వాక్యమైనా కనిపించలేదు. కనిపించనక్కర్లేదు కూడా. ఫలానా ఆమె ఫిర్యాదు చేయబోతోందని, ఫలానా ఆమె ఇల్లు వదలబోతోందని తెలియడానికి ఆ పేరూ ఆ రెండు ముక్కలూ చాలు. ఆ ఆఫీసులో వైఫై పాస్‌వర్డు కాగితం మీద రాసి ముందుగది గోడకు అంటించారు, వచ్చినవాళ్ళు వాడుకోవడానికి వీలుగా. కౌన్సెలింగుకు పిలిచిన భర్తలూ వాళ్ళ అన్నదమ్ములూ వచ్చి కూర్చునేది ఆ గోడ కిందే.

ఎవరూ కావాలని చేసింది కాదది. ఆతిథ్యం అనుకుని చేశారు.

ఈ యంత్రాల బలహీనతల గురించి నిపుణులు ఇవాళ కొత్తగా చెప్పడం లేదు. 2011లో లాస్ వేగాస్‌లో జరిగిన బ్లాక్ హ్యాట్ సదస్సులో మైకేల్ సట్టన్ అనే పరిశోధకుడు సరిగ్గా ఈ వెబ్ పేజీల గురించే మాట్లాడాడు. ఇంటర్నెట్‌కు తలుపు తెరిచి ఉన్న ప్రింటర్లలో స్కానరు మీదున్న కాగితాన్ని బయటి నుంచే చూడొచ్చని చూపించాడు. 2016 మార్చిలో అమెరికా విశ్వవిద్యాలయాల ప్రింటర్లలోంచి స్వస్తిక గుర్తులున్న యూదు వ్యతిరేక కరపత్రాలు వాటంతటవే అచ్చయి బయటపడ్డాయి. 2018 నవంబరులో ఒక యూట్యూబరుకు ప్రచారంగా ఇలాగే వేల ప్రింటర్లలోంచి కాగితాలొచ్చాయి. ఈ రెండూ వెబ్ పేజీ గుండా జరిగినవి కావు, అచ్చు పనులు అందుకోవడానికి ప్రింటరు తెరిచి ఉంచే మరో దారి గుండా జరిగాయి. అప్పుడు పత్రికలు బాగానే రాశాయి. ముక్కూమొహం తెలియనివాడు ఎక్కడో కూర్చుని మన యంత్రాన్ని ఆడించాడంటే అది వార్త. భర్త పక్కగదిలో కూర్చుని ఆడిస్తే వార్త కాదు, సంసారం.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. భద్రత గురించి రాసే పుస్తకాలూ, కంపెనీల సూచనలూ, ప్రభుత్వాల నిబంధనలూ దాదాపు అన్నీ శత్రువు గడప బయట ఉన్నాడనే లెక్కతో రాసినవి. గడప లోపల ఉన్నవాళ్ళంతా ఒకటేననీ, వాళ్ళ ప్రయోజనాలు ఒకటేననీ, వాళ్ళలో ఎవరికి పాస్‌వర్డు తెలిసినా అందరికీ క్షేమమేననీ వీటి నమ్మకం. కుటుంబం గురించి మనం నలభై యాభై ఏళ్ళుగా ఏ అపోహతో పోట్లాడుతున్నామో అదే అపోహ యంత్రంలోకి ఎక్కింది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకప్పుడు ప్రింటర్లు అమ్మేవాళ్ళు లక్షల యంత్రాలకు ఒకే పాస్‌వర్డు పెట్టి పంపేవాళ్ళు, కొందరు అసలు పెట్టేవాళ్ళే కాదు. ఆ పాస్‌వర్డులు ఎవరైనా వెతికి పట్టుకోగలిగినవే. దీని మీద గొడవ జరిగి అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 2020 జనవరి నుంచి ఒక చట్టం, బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి మరొక చట్టం అమల్లోకి వచ్చాయి. ఇళ్ళలో వాడే ఇంటర్నెట్ వస్తువులన్నిటికీ ఒకే పాస్‌వర్డు ఉండకూడదన్నాయి. మంచి మాటే. కంపెనీలు ఏం చేశాయి? ఒక్కో యంత్రానికి ఒక్కో పాస్‌వర్డు పెట్టి, దాన్ని చిన్న చీటీ మీద అచ్చువేసి యంత్రం వెనకో, ఇంకు మూత లోపలో అంటించాయి. కొన్ని కంపెనీలైతే యంత్రం సీరియల్ నంబరునే పాస్‌వర్డుగా పెట్టాయి, అదీ వెనకే రాసి ఉంటుంది. రష్యాలో ఉన్న దొంగకు ఆ చీటీ కనిపించదు. ఇంట్లో ఉన్నవాడు ప్రింటరును అటు తిప్పి చదువుకుంటాడు. బయటివాడికి వేసిన తాళంచెవిని లోపలివాడి కోసం గుమ్మానికే వేలాడదీశారన్నమాట.

బయటివాడికి వేసిన తాళం కూడా అంత గట్టిది కాదని 2025 జూన్‌లో తేలింది. ర్యాపిడ్7 అనే భద్రతా సంస్థ 5 కంపెనీలకు చెందిన 748 రకాల యంత్రాల్లో మొత్తం 8 లోపాలున్నాయని బయటపెట్టింది. వాటిలో 689 రకాలు బ్రదర్ కంపెనీవి. అన్నిటిలోకీ తీవ్రమైన లోపం ఇది: ఫ్యాక్టరీలో పెట్టిన అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డును సీరియల్ నంబరు నుంచే ఒక లెక్క ప్రకారం తయారు చేస్తున్నారు. నంబరు తెలిస్తే ఎవరైనా ఆ లెక్క కట్టుకోవచ్చు. ఇంకో లోపం వల్ల చాలా రకాల్లో ఆ నంబరును పాస్‌వర్డు లేకుండానే ప్రింటరు వెబ్ సర్వరు నుంచి రాబట్టొచ్చు. అప్పటికే తయారైన యంత్రాల్లో ఈ పాస్‌వర్డు లోపాన్ని సాఫ్ట్‌వేరుతో పూర్తిగా సరిచేయలేమని, తయారీ పద్ధతినే మార్చామని కంపెనీ చెప్పింది. కొన్నవాళ్ళు చేయగలిగిందల్లా ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చుకోవడమే. ఎంతమంది మార్చుకుంటారు? ఈ పేజీ ఒకటుందని ఎంతమందికి తెలుసు?

స్త్రీలకు ఎదురయ్యే ప్రమాదానికి ఇలాంటి లోపాలు అక్కర్లేదన్నది ఇంకా ముఖ్యమైన విషయం. న్యూయార్క్‌లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు కుటుంబ హింసలో సాంకేతిక పరికరాల పాత్ర మీద 89 మందితో మాట్లాడి 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. హింసించే పురుషుల్లో ఎక్కువమంది ఏ హ్యాకింగూ చేయడం లేదని వాళ్ళు తేల్చారు. అందరికీ కనిపించే మీటలే నొక్కుతున్నారు, తమకు తెలిసిన పాస్‌వర్డుతోనే లోపలికి వెళుతున్నారు. యంత్రం దృష్టిలో అతను దొంగ కాదు, గుర్తింపు ఉన్న వాడకందారు. మన ఇళ్ళ సంగతీ ఇదే. ఆమె పేరు మీద రేషన్ కార్డుంటుంది. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం ఇంట్లో 18 ఏళ్ళు నిండిన స్త్రీలలో పెద్దామెనే కార్డుకు కుటుంబ యజమానిగా రాయాలి. కాని రూటరుకు యజమాని ఎవరు? ప్రింటరుకు? ఏ ఇంట్లో అడిగినా, “అవన్నీ ఆయనే చూసుకుంటారండీ, నాకు తెలీదు” అన్న జవాబే. చదువుకున్న స్త్రీలు, బ్యాంకుల్లో పనిచేసే స్త్రీలు సైతం ఈ మాటే అంటారు. ఆమెకు చేతకాక కాదు. కొన్న రోజున బిగించినవాడు పాస్‌వర్డు ఎవరి ఫోనులో ఎక్కించాడో ఆ ఏర్పాటే స్థిరపడిపోయింది. మగవాడు సామాను బిగిస్తాడు, ఆడది వాడుకుంటుంది. బిగించిన చెయ్యికే అధికారం దక్కుతుంది.

మన చట్టంలో దీనికి ఏముంది? 2000 నాటి ఐటి చట్టం కంప్యూటరు నిర్వచనంలోకి దానికి కలిపిన ఇన్‌పుట్, అవుట్‌పుట్ పరికరాలను కూడా తెచ్చింది. కాబట్టి ప్రింటరు ఆ చట్టానికి బయటిది కాదని వాదించవచ్చు. కాని సెక్షన్ 43 ఎవరిని తప్పు పడుతోంది? యజమాని అనుమతి గాని, ఆ కంప్యూటరు బాధ్యత చూసే మనిషి అనుమతి గాని లేకుండా అందులోకి వెళ్ళినవాణ్ణి. డబ్బు పెట్టి కొన్నది అతను, బిగించింది అతను, బాధ్యత చూస్తున్నదీ అతనే. అచ్చయిన కాగితం ఆమెది. చట్టం యంత్రం ఎవరిదని అడుగుతోంది, కాగితం ఎవరిదని అడగడం లేదు.

గోప్యత మాటెత్తితే స్త్రీవాదుల్లో కొంత ఇబ్బంది ఉంది, ఉండాలి కూడా. ‘ఇంటి గుట్టు’ పేరుతోనే కదా ఇన్నాళ్ళూ దెబ్బలు కప్పిపెట్టారు. అయితే గోప్యత కుటుంబానిది కాదు, అందులో ఉన్న స్త్రీది అన్న మాట మన నేల మీదే ఏనాడో వినిపించింది. 1983లో టి. సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎ. చౌదరి, భార్యను కాపురానికి రమ్మని ఆజ్ఞాపించే హిందూ వివాహ చట్టం సెక్షన్ 9ని కొట్టివేస్తూ ఆమె గోప్యతను ఒక ఆధారంగా చూపారు. ఆ తీర్పు మరుసటేడే సుప్రీంకోర్టులో నిలబడలేదు, అది నిజం. కాని 2017 ఆగస్టు 24న 9 మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పిచ్చినప్పుడు, ఇంట్లో జరిగే హింసను దాచడానికి గోప్యత ముసుగు కాకూడదన్న స్త్రీవాదుల వాదనను కూడా చర్చించారు. ఆ రెండు మాటల్నీ కలిపి పట్టుకోవడం ఇప్పుడు మన పని.

ఇక రేపు కేంద్రానికి వచ్చే స్త్రీకి ఏం చెప్పాలి? ముందు ఒక హెచ్చరిక. ఇదంతా విన్న ఉత్సాహంలో, “వెంటనే ఇంటికెళ్ళి పాస్‌వర్డు మార్చెయ్యమ్మా” అని చెప్పకండి. నిన్నటిదాకా తనకు తెరుచుకున్న పేజీ ఇవాళ తెరుచుకోకపోతే అతనికి అనుమానం వస్తుంది. ఆ అనుమానం ఎవరి ఒంటి మీద తేలుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆమె ఇంకా ఆ ఇంట్లోనే ఉంటే ఆ ప్రింటరును ముట్టకుండా ఉండడమే మేలు. కాగితాలు మన ఆఫీసులోనో, తెలియని వీధిలోని జిరాక్సు షాపులోనో తీయించాలి. ఆ షాపువాడికి వాట్సాప్‌లో పంపిన ఫైలును ఎదురుగా నిలబడి తీసేయించాలి. ఇంట్లో అంతకుముందే అచ్చు తీసి ఉంటే ఆ సంగతి అతనికి తెలిసే ఉంటుందనుకుని మిగతా ఏర్పాట్లు చేసుకోవాలి. పాస్‌వర్డు మార్చడం, రూటరు మార్చడం అన్నీ ఆమె విడిగా ఉంటున్నప్పుడో, అతను ఆ ఇంట్లోకి రాకుండా కోర్టు ఉత్తర్వు చేతికొచ్చాకో చేయాల్సినవి. అప్పుడు మాత్రం మొదటి రోజే చేయాలి. వీధి తలుపు తాళం మార్పిస్తాం గదా, అదే వరసలో.

మన ఆఫీసుల విషయంలో ఇంత నెమ్మది అక్కర్లేదు. అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డు ఈ వారమే మార్చండి. అది బిగించడానికొచ్చిన టెక్నీషియన్ దగ్గర కాక మనలో ఇద్దరి దగ్గర ఉండాలి. వచ్చేపోయే వాళ్ళకు వేరే వైఫై ఇవ్వండి. గెస్ట్ నెట్‌వర్క్ అనే ఏర్పాటు ఇప్పుడు చాలా రూటర్లలో ఉంది. ఫైళ్ళకు స్త్రీల పేర్లు పెట్టడం మానేసి కేసు నంబరు పెట్టండి, ఆ నంబర్ల పుస్తకం బీరువాలో ఉండనివ్వండి. వైఫై డైరెక్ట్ అని ప్రింటరే సొంతంగా ఒక చిన్న వైఫై వదులుతుంది. కొన్ని కంపెనీల రకాల్లో దానికి 12345678 అన్న పాస్‌వర్డే పెట్టి పంపారు. అంటే మీ రూటరుతో పనిలేకుండా కిందంతస్తు వాళ్ళు కూడా ప్రింటరును చేరొచ్చు. వాడకపోతే ఆపేయండి. పాత ప్రింటరును అమ్మేటప్పుడు, మరమ్మతుకు ఇచ్చేటప్పుడు అందులో ఉన్నవన్నీ తుడిపించండి. అదీ సూచనలు చదివి చేయండి. 2023 జులైలో కెనాన్ కంపెనీ తన ఇంక్‌జెట్ ప్రింటర్లలో 190కి పైగా రకాల్లో మామూలుగా తుడిపేస్తే వైఫై వివరాలు పోకపోవచ్చని, ఒకసారి తుడిపి, వైఫైని మళ్ళీ పనిచేయించి, రెండోసారి తుడపాలని ప్రకటించాల్సి వచ్చింది.

ఇక్కడున్న న్యాయవాదులకు ఒక విన్నపం. 2005 గృహహింస నిరోధక చట్టం సెక్షన్ 18 కింద రక్షణ ఉత్తర్వు అడిగేటప్పుడు మనం కొట్టకూడదు, దగ్గరికి రాకూడదు, ఫోను చేయకూడదు అని అడుగుతున్నాం. అదే సెక్షన్‌లో చివరి క్లాజు, (జి), ఉత్తర్వులో పేర్కొన్న మరే పని అయినా చేయకుండా ఆపే అధికారం మేజిస్ట్రేటుకు ఇస్తోంది. ఆ క్లాజు కింద రూటరు, ప్రింటరు, కెమెరా, టీవీలను అతను దూరం నుంచి వాడకూడదని, వాటి అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డులను దగ్గర పెట్టుకోకూడదని వివరంగా రాసి అడగండి. పరికరాల పేర్లు విడివిడిగా రాయండి. “మొదలైనవి” అని రాస్తే అందులో ప్రింటరు ఉందని ఎవరికీ తట్టదు. ఆమె రోజూ పని చేసుకునే యంత్రానికి తాళం వేసి ఆపితే, ఆమెకు వాడుకునే హక్కున్న సదుపాయాన్ని అందకుండా చేయడం కిందకు వస్తుంది గనుక, సెక్షన్ 3లోని ఆర్థిక హింస వివరణ కింద కూడా వాదించి చూడండి.

హాలు వెనక బల్ల మీద ఒక మామూలు ప్రింటరు పెట్టించాం. దాని సంఖ్య పక్కనే అట్టముక్క మీద రాసి ఉంది. భోజన విరామంలో నలుగురేసి వెళ్ళి మీ ఫోనులోంచి ఆ పేజీ తెరవండి, ఏమేం కనిపిస్తుందో చూడండి, పాస్‌వర్డు మార్చండి. మార్చినవాళ్ళు తర్వాత వచ్చే నలుగురికీ అదేమిటో చెప్పి కదలండి. లేకపోతే వాళ్ళు బయటే నిలబడిపోతారు.